చక్రం పట్టు తప్పే చోటు: సిమ్యులేటర్లలో విమానం నేల నడక ఎంత నిజం?

ఫ్లైట్ సిమ్యులేటర్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా గాలి గురించే మాట్లాడతారు. రెక్క ఎత్తుడు శక్తి ఎలా పుడుతోంది, ఇంజన్ ఎంత త్వరగా స్పందిస్తోంది, మేఘాల్లో కుదుపు నిజంలా ఉందా అన్నవే చర్చకు వస్తాయి. పార్కింగ్ నుంచి రన్‌వే దాకా నడవడం, రన్‌వే మీద తిన్నగా పరుగెత్తడం, దిగాక మళ్లీ గేటు చేరడం మాత్రం ముందుమాట, ముగింపు లాంటివిగా మిగిలిపోతాయి. లెక్కలు ఇందుకు ఒప్పుకోవు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ 2009 నివేదిక 1995 నుంచి 2008 వరకు రన్‌వేకు సంబంధించిన ప్రమాదాలను పరిశీలించింది. వాటిలో 97 శాతం విమానం రన్‌వే హద్దు దాటిపోయినవే. కొన్ని చివర దాటాయి, కొన్ని పక్కకు జారాయి. కాబట్టి నేల మీద దిశ అదుపును సిమ్యులేటర్ ఎంత నిజంగా చూపిస్తోందన్నది ఆటగాళ్ల ముచ్చటకే పరిమితమైన విషయం కాదు, పైలట్ల శిక్షణకూ ముఖ్యమైనదే. ఈ విషయంలో ఇప్పటిదాకా జరిగిన పనిని, వచ్చిన ప్రమాణాలను, మిగిలిన లోపాలను కలిపి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ముందు చక్రం ఎంత తిరుగుతుందో చూపించడంలో సిమ్యులేటర్లు దాదాపు గెలిచాయి. తిప్పినా విమానం తిరగని క్షణాన్ని చూపించడంలో ఇంకా వెనకబడే ఉన్నాయి. నేల నడకలో వాస్తవికతను కొలవాల్సింది ఆ రెండో చోటే.

ముందుగా అసలు విమానం నేల మీద ఎలా తిరుగుతుందో చూడాలి, ఎందుకంటే ఇక్కడ అన్ని విమానాలదీ ఒకే పద్ధతి కాదు. సెస్నా 172లో రడ్డర్ పెడళ్లకూ ముందు చక్రానికీ మధ్య స్ప్రింగు బిగించిన లంకె ఉంటుంది. పెడళ్లతో చక్రం సుమారు 10 డిగ్రీలు తిరుగుతుంది, ఒక పక్క బ్రేకు కూడా తొక్కితే 30 డిగ్రీల దాకా పోతుంది. సిరస్ ఎస్‌ఆర్22, డైమండ్ డీఏ40 లాంటి వాటిలో ముందు చక్రానికి ఏ లంకే లేదు. అది తనంతట తాను తిరిగే చక్రం, దిశ మార్చాలంటే ఎడమ బ్రేకో కుడి బ్రేకో వాడాలి. తోక చక్రం విమానాల్లో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. అందుకే తోక కాస్త పక్కకు జరిగితే ఆ జరుగుడు దానంతట అదే పెరిగి విమానం గిర్రున తిరిగిపోతుంది. పెద్ద జెట్లలో కెప్టెన్ పక్కన టిల్లర్ అనే చిన్న చేతి చక్రం ఉంటుంది. ఎయిర్‌బస్ ఏ320లో టిల్లర్‌తో ముందు చక్రం ఇటూ అటూ 75 డిగ్రీల దాకా తిరుగుతుంది, పెడళ్లతో 6 డిగ్రీలే. బోయింగ్ 737లో ఈ అంకెలు 78, 7. పొడవు పెరిగేకొద్దీ ముందు చక్రం ఒక్కటే చాలదు. 747లో పొట్ట కింది చక్రాలు, 777లో ప్రధాన గేర్ల చివరి ఇరుసులు మలుపుల్లో తామూ తిరిగి టైర్ల అరుగుదలను తగ్గిస్తాయి.

ఈ కోణాల కంటే ముఖ్యమైనది అవి వేగంతో పాటు తగ్గే తీరు. ఏ320లో టిల్లర్ అధికారం 20 నాట్లు దాటగానే తగ్గడం మొదలై 70 నాట్లకు సున్నా అవుతుంది. పెడళ్ల 6 డిగ్రీలు 40 నాట్ల నుంచి తగ్గుతూ 130 నాట్లకు మాయమవుతాయి. ఇలా ఎందుకు చేశారో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఏ320 ముందు చక్రానికీ ప్రధాన చక్రాలకూ మధ్య దూరం 12.64 మీటర్లు. 6 డిగ్రీల కోణంతో అది సుమారు 120 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయంలో తిరగాలి. 10 నాట్ల వేగంలో ఇందుకు కావలసిన పక్క బలం బరువులో నూటికి రెండు పాళ్లే. 40 నాట్లకు అది బరువులో మూడో వంతు దాటుతుంది. పొడి రన్‌వే మీద టైరు అంత పట్టు ఇవ్వగలదు. బాగా తడిసిన రన్‌వే మీద కష్టం, మంచు గడ్డ మీద అసాధ్యం. పైగా విమానం బరువులో దాదాపు పదో వంతు మాత్రమే ముందు చక్రం మీద ఉంటుంది. టేకాఫ్ పరుగులో రెక్కలు బరువు ఎత్తుకునేకొద్దీ ఆ పట్టు ఇంకా సడలుతుంది. అంటే నేల మీది స్టీరింగ్ ఒక గేరు పెట్టెలాగా ఒకే నిష్పత్తిలో పనిచేసే యంత్రం కాదు. టైరుకూ నేలకూ మధ్య ఎప్పటికప్పుడు కుదిరే, ఎప్పుడైనా చెడగల ఒప్పందం అది.

ఆ ఒప్పందం ఎక్కడ చెడుతుందో టైరు శాస్త్రం చాలాకాలం కిందటే చెప్పింది. చక్రం చూస్తున్న దిక్కుకూ అది నిజంగా పోతున్న దిక్కుకూ మధ్య ఉండే తేడాను జారుడు కోణం అనుకుందాం. ఆ కోణం చిన్నగా ఉన్నంతవరకు పక్క బలం దానితో పాటు పెరుగుతుంది. ఒక చోట శిఖరం చేరుతుంది. ఆ తర్వాత చక్రాన్ని ఇంకా తిప్పితే బలం పెరగకపోగా తగ్గుతుంది, టైరు నేలను రాసుకుంటూ ముందుకే పోతుంది. అప్పుడు పైలట్ చేయాల్సింది తిప్పుడు తగ్గించి, వేగం తగ్గించి, చక్రానికి మళ్లీ పట్టు దొరకనివ్వడం. సహజంగా చెయ్యి చేసేది మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీళ్లు నిలిచిన రన్‌వే మీద ఇంకో ప్రమాదం ఉంది. 1963లో నాసా వెలువరించిన హోర్న్ సూత్రం ప్రకారం, టైరులో గాలి ఒత్తిడిని చదరపు అంగుళానికి పౌండ్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని తొమ్మిదితో గుణిస్తే, టైరు నీటి మీద తేలే వేగం నాట్లలో వస్తుంది. 200 పౌండ్ల ఒత్తిడి ఉన్న టైరుకు అది సుమారు 127 నాట్లు. ఆ వేగం దాటాక ముందు చక్రం ఎటు చూస్తోందన్న ప్రశ్నకే అర్థం లేదు. దిశను కాపాడేది ప్రధానంగా రడ్డరే.

ఇప్పుడు విమానయాన సంస్థలు వాడే ధ్రువీకరించిన సిమ్యులేటర్ల సంగతి చూద్దాం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లోని పార్ట్ 60 ప్రకారం అత్యున్నత స్థాయి సిమ్యులేటర్‌ను నిజమైన విమానం నుంచి సేకరించిన కొలతలతో పోల్చాలి. నేల నడకకు అందులో విడిగా పరీక్షలున్నాయి. అతి చిన్న మలుపు వ్యాసార్ధం నిజ విమానంతో పోలిస్తే 0.9 మీటర్లు లేదా 20 శాతం లోపు తేడాతో సరిపోవాలి. ముందు చక్రం కోణానికి తగ్గట్టు విమానం తిరిగే వేగం 10 శాతం లేదా సెకనుకు 2 డిగ్రీల లోపు కలవాలి. ఆ పరీక్షను కనీసం రెండు వేగాల్లో చేయాలి, వాటి మధ్య కనీసం 5 నాట్ల తేడా ఉండాలి. నేల మీద ఇంజన్ ఆగిపోయినప్పుడు విమానం ఎంత పక్కకు పోతుందన్న దానికీ పరీక్ష ఉంది. ఈ నియమాలు రాసినవాళ్లు నేలను పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. అయినా ఆ మలుపు పరీక్షల్లో ఒక పోలిక గమనించండి. అవి నెమ్మదిగా, నిలకడగా సాగే మలుపులు. విమానం పట్టు కోల్పోయే పరిస్థితి వాటిలో రాదు. ఇంజన్ ఆగిన పరీక్షలోనైతే ముందు చక్రం సాయం లేదనుకునే కనీస అదుపు వేగాన్ని నిర్ణయిస్తారు. అంటే నియమం రెండు కొసలనూ కొలిచింది. చక్రం పూర్తిగా పనిచేసే కొస ఒకటి, అసలు పనిచేయని కొస ఇంకొకటి. మధ్యలో చక్రం కొంత పనిచేసి, కొంత జారి, గాలి తోకను నెట్టే దశ చాలాకాలం కొలతకు దొరకలేదు.

ఆ మధ్య దశ ఎంత ఖరీదైనదో 2008 డిసెంబర్ 20న డెన్వర్‌లో తేలింది. కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్ 737-500 టేకాఫ్ పరుగులో ఉండగా ఎడమ పక్క నుంచి బలమైన గాలి తెరలు తగిలాయి. టవర్ చెప్పిన గాలి 27 నాట్లు, దర్యాప్తులో తేలిన గరిష్ఠ తెర 45 నాట్లు. విమానం ఎడమ పక్కకు రన్‌వే దాటి మంటల్లో చిక్కుకుంది. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. విమానాన్ని తిన్నగా నడపడానికి కావలసిన కుడి రడ్డర్‌ను కెప్టెన్ మధ్యలో వదిలేయడం ప్రధాన కారణమని అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 2010లో తేల్చింది. అంతటితో ఆగకుండా ఒక వ్యవస్థాగత లోపాన్ని కూడా పేర్కొంది. సిమ్యులేటర్లలో గాలి తెరల నమూనా లోపభూయిష్టంగా ఉండటంవల్ల విమానయాన రంగం మొత్తంలో పక్కగాలి శిక్షణ చాలీచాలకుండా ఉందని రాసింది. సిమ్యులేటర్లలో పక్కగాలి తరచూ ఒకే బలంతో వీచేది. నిలకడగా నెట్టే గాలికి కాలు అలవాటు పడుతుంది. తెరలు తెరలుగా వచ్చే గాలికి ప్రతి క్షణం కొత్త జవాబు కావాలి. ఎఫ్ఏఏ 2016లో ప్రమాణాలను విస్తరించినప్పుడు గాలి తెరలతో కూడిన పక్కగాలి టేకాఫ్‌ను కూడా చేర్చింది. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. మలుపు వ్యాసార్ధం పరీక్షలో నెగ్గే సిమ్యులేటర్ కూడా రన్‌వే పరుగులో అసలు పాఠం చెప్పలేకపోవచ్చు.

మన దేశంలోనూ ఇదే కథకు ఇంకో రూపం ఉంది. 2016 డిసెంబర్ 27న గోవాలో జెట్ ఎయిర్‌వేస్ 737 టేకాఫ్‌కు సిద్ధమవుతూ, రెండు ఇంజన్ల వేగం సమానం కాకముందే టేకాఫ్ శక్తికి వెళ్లడంతో పక్కకు లాగి రన్‌వే వదిలిపోయింది. నెమ్మది వేగంలో రడ్డర్‌కు గాలి బలం ఇంకా రాదు. అప్పుడు ఎదురు నిలవాల్సింది ముందు చక్రమే, దాని పట్టుకు హద్దు ఉంది. ఇంజన్ల తేడా, చక్రం పట్టు, పెరుగుతున్న వేగం ఈ మూడూ కలిసి కొన్ని సెకన్లలో ఫలితాన్ని తేలుస్తాయి. ఒక్కో దాన్ని విడిగా సరిచూసిన నమూనా ఈ మూడింటి కలయికను సరిగ్గా చూపిస్తుందన్న హామీ లేదు. సమీక్షకులైనా, నియంత్రణ సంస్థలైనా భాగాలను కొలిచి మొత్తాన్ని నమ్మడం ఇక్కడ సాగదు.

ఇంటి సిమ్యులేటర్ల చరిత్ర చూస్తే వాటి లోపం వేరే దిశలో మొదలైంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ పాత రూపాల్లో, 2006లో వచ్చిన ఎఫ్ఎస్ఎక్స్‌తో సహా, ముందు చక్రాన్ని రడ్డర్‌కే కట్టేసేవారు. నేల రాపిడి ఎంత ఎక్కువగా ఉండేదంటే, కదలడానికే నిజ విమానానికి అక్కర్లేనంత ఇంజన్ శక్తి కావలసి వచ్చేది. విమానం ఫైల్లో ప్రతి చక్రానికీ ఒక వరుస ఉంటుంది. చక్రం ఉన్న చోటు, స్ప్రింగు నొక్కుడు, తిరిగే కోణం లాంటి అంకెలు అందులో రాయాలి. అంకెలు ఎంత జాగ్రత్తగా రాసినా కింద పనిచేసే టైరు నమూనా మొరటుగా ఉంటే ఫలితం మొరటుగానే ఉంటుంది. ఎక్స్-ప్లేన్ రూపకర్తలు తక్కువ వేగానికి ఒక కోణం, ఎక్కువ వేగానికి ఇంకో కోణం ఇచ్చే వీలు కల్పించారు, టిల్లర్‌కు విడిగా ఒక అక్షం ఇచ్చారు. ఎక్స్-ప్లేన్ 12లో తడి రన్‌వేలు, మంచు రన్‌వేలు రాపిడిని మార్చేలా చేశారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన ఫ్లైట్‌గేర్ వెనకున్న జేఎస్‌బీసిమ్‌లో ఇంకో అడుగు కనిపిస్తుంది. అక్కడ టైరు పక్క బలాన్ని వాహన పరిశోధనలో పేరున్న పసేకా సూత్రంతో లెక్కిస్తారు. పెరిగి, శిఖరం చేరి, తగ్గే ఆ వంపు అందులో ఉంది. ఆ లెక్క ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, తప్పుంటే చూపించవచ్చు. ఖరీదైన వాణిజ్య ఉత్పత్తులు మూసి ఉంచే చోట ఒక స్వచ్ఛంద ప్రాజెక్టు ఇలా తలుపు తెరిచి పెట్టడాన్ని నేను చిన్న విషయంగా చూడను. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు ఫ్లైబైవైర్ బృందం ఉచితంగా తయారుచేసిన ఏ320లో టిల్లర్‌ను పెడళ్ల నుంచి వేరుచేసుకునే సదుపాయం ఉంది. నిజ విమానంలో రెండు వేర్వేరు అధికారాలున్నాయన్న సంగతి దాంతో ఆడేవాళ్ల చేతికి తెలుస్తుంది.

ఇంటి సిమ్యులేటర్లలో చాలామంది గమనించే ఒక వింత ఉంది. ఆగి ఉన్న విమానం పక్కగాలికి మెల్లగా జారుతుంది, లేదా నెమ్మదిగా పోతుండగా ముక్కు గాలివైపు మరీ గట్టిగా తిరుగుతుంది. నిజ విమానానికీ గాలికి ఎదురు తిరిగే గుణం ఉంది, ఎందుకంటే నిలువు తోక మీద గాలి పడుతుంది. సిమ్యులేటర్‌లో అది అతిగా కనిపించడానికి కారణం తరచూ గణితంలో ఉంటుంది. జారుడు కోణాన్ని పక్క వేగాన్ని ముందు వేగంతో భాగించి లెక్కిస్తారు. విమానం ఆగినప్పుడు రెండూ సున్నా, సున్నాను సున్నాతో భాగించలేం. కాబట్టి ప్రోగ్రామర్లు తక్కువ వేగానికి ఏదో ఒక సర్దుబాటు పెడతారు. ఆ సర్దుబాటు బలహీనమైతే విమానం జారుతుంది, మరీ బలమైతే నేలకు అంటుకుపోతుంది. నిజమైన టైరు పక్క బలాన్ని ఒక్కసారిగా ఇవ్వదు. కొంత దూరం దొర్లాకే, రబ్బరు మెలి తిరిగాకే పూర్తి బలం వస్తుంది. ఆ దొర్లే దూరాన్ని నమూనాలో పెడితే ఆగిన స్థితి నుంచి పరుగు దాకా ఒకే సూత్రం నడుస్తుంది. వాహన పరిశోధనకు చాలాకాలంగా తెలిసిన ఈ పరిష్కారం ఆటల తయారీలో ఆలస్యంగా అడుగుపెడుతోంది. తడి రన్‌వేకు మెరుపు అద్దడానికి వెచ్చించే శ్రమలో కొంతైనా ఇక్కడ పెట్టాలని అడగడం న్యాయమే.

చక్రం సంగతి అలా ఉంటే, చూపు సంగతి ఇంకొకటి. 777-300ఈఆర్‌లో ముందు చక్రానికీ ప్రధాన గేరుకూ మధ్య 31 మీటర్ల దూరం ఉంటుంది. పైలట్ ముందు చక్రం కంటే ఇంకా ముందు కూర్చుంటాడు. మలుపు దగ్గర ఆర్టీసీ బస్సు డ్రైవరు ముందు మూలను దాటిపోనిచ్చి ఆ తర్వాత స్టీరింగ్ తిప్పినట్టే, ఇక్కడా కాక్‌పిట్ మలుపు గీతను దాటాకే తిప్పాలి. లేకపోతే వెనక చక్రాలు లోపలి గడ్డిలోకి పోతాయి. ఈ పనికి సాయంగా ఆ విమానంలో నేల కెమెరాలు పెట్టారు. కాక్‌పిట్ 8 మీటర్లకు పైగా ఎత్తున ఉండే 747 నుంచి చూస్తే 30 నాట్లు నడకలా అనిపిస్తాయి. ఒక్క తెర మీద, పక్క చూపు లేకుండా, ఈ అంచనా కుదరదు. ఆరు కాళ్ల మీద కదిలే ఖరీదైన సిమ్యులేటర్‌కూ ఇక్కడ పరిమితి ఉంది. అది గదిని వంచి కొద్దిసేపు పక్క బలాన్ని తలపించగలదు, మలుపు పొడవునా నిలిచే బలాన్ని ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరి 20న గన్నవరంలో దోహా నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రెక్క, పార్కింగ్‌కు పోతుండగా దీపస్తంభాన్ని తాకింది. 2017 సెప్టెంబర్‌లో కొచ్చిలో అదే సంస్థ విమానం వానలో టాక్సీవే మలుపుకు ముందే తిరిగి కాలువలో దిగబడింది. ఈ రెండూ టైరు పట్టుకు సంబంధించినవి కావు. రెక్క కొస ఎక్కడుందో, మలుపు ఎక్కడుందో సరిగ్గా అంచనా వేయడానికి సంబంధించినవి. నేల నడక వాస్తవికతలో ఈ భాగానికి విడి కొలత కావాలని ఇవి గుర్తుచేస్తాయి. చూపు బాగుంటే చక్రం లోపం సర్దుకుంటుందనుకోవడం, చక్రం బాగుంటే చూపు సర్దుకుంటుందనుకోవడం రెండూ పొరపాటే.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది, నేల నడక నిజ విమానంలోనే వస్తుంది, సిమ్యులేటర్‌లో దానిపై ఇంత పట్టుదల ఎందుకని. ఒకప్పుడు దీనికి బలం ఉండేది. ఇప్పుడు అనుభవం ఉన్న పైలట్ కొత్త రకం విమానానికి మారేటప్పుడు శిక్షణ మొత్తం సిమ్యులేటర్‌లోనే పూర్తిచేసి, మొదటిసారి నిజ విమానాన్ని ప్రయాణికులతోనే, శిక్షకుడి పర్యవేక్షణలో నడిపే పద్ధతి ఉంది. ఏ320 శిక్షణకు వెళ్లే తెలుగు యువతీ యువకులకు కూడా ఆ రకం మీద మొదటి పాఠాలు సిమ్యులేటర్ గదిలోనే. చాలా 737ల్లో టిల్లర్ ఎడమ పక్కన మాత్రమే ఉంటుంది కాబట్టి అక్కడ కో-పైలట్‌గా ఏళ్లు గడిపినవాళ్లు కూడా కెప్టెన్ సీటుకు మారేదాకా టిల్లర్ పట్టరు. సిమ్యులేటర్ నేర్పకపోతే నేర్పేది ప్రయాణికులతో నిండిన విమానమే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. తడి, మంచు, రబ్బరు పేరుకున్న రన్‌వే, అరిగిన టైరు వీటన్నిటికీ నమ్మకమైన కొలతలు దొరకవు. కొలత లేని చోట నమూనా తయారుచేస్తే అది తప్పుడు నమ్మకాన్ని నేర్పదా అన్నది ప్రశ్న. ప్రమాదం నిజమే. నియంత్రణ సంస్థలు జారుడు దశలోకి తొందరపడి దిగకపోవడానికి అదే కారణమని నేను గౌరవంగానే ఒప్పుకుంటాను. కానీ జారుడు చూపించని సిమ్యులేటర్ తటస్థంగా ఉండదు. ఎంత తిప్పితే అంత తిరుగుతుంది అన్న పాఠాన్ని అది ప్రతి గంటా నేర్పుతూనే ఉంటుంది, ఆ పాఠం ఖాయంగా తప్పు. జారుడు ఏ వేగంలో మొదలవుతుందో కచ్చితంగా తెలియకపోవచ్చు. మొదలయ్యాక ఎక్కువ తిప్పితే మేలు జరగదని మాత్రం ఖాయంగా తెలుసు. అంకెను ఒక పరిధిగా పెట్టి, శిక్షకుడు దాన్ని మార్చుకోగలిగేలా ఇచ్చి, ప్రవర్తన ఆకారాన్ని మాత్రం సరిగ్గా ఉంచడం నిజాయితీ గల మార్గం. గాలి తెరల విషయంలో 2016 మార్పు ఇలాంటి అడుగే. ఏ రోజు ఏ తెర వస్తుందో ఎవరూ చెప్పలేరు, అయినా తెరలు ఉంటాయన్న సత్యాన్ని శిక్షణలోకి తెచ్చారు.

మూడో అభ్యంతరం ఇంటి సిమ్యులేటర్ల వైపు నుంచి వస్తుంది. మెలితిప్పే జాయ్‌స్టిక్‌తో ఆడేవాళ్లకు ఇంత సూక్ష్మం ఎందుకు, దానివల్ల టాక్సీ చేయడమే కష్టమై విసుగొస్తుంది కదా అని. సులభంగా ఆడుకునే వీలు ఉండాల్సిందే, దానికి ఒక మీట పెడితే సరిపోతుంది. వేగంతో స్టీరింగ్ తగ్గించే నిజమైన పద్ధతి జాయ్‌స్టిక్ వాడేవాళ్లకు మేలే చేస్తుంది, 60 నాట్ల దగ్గర చిన్న మెలికకు ముక్కు ఊగిపోకుండా కాపాడుతుంది. పైలట్లు కాబోయే పిల్లల్లో ఎందరికో మొదటి కాక్‌పిట్ ఇంటి కంప్యూటరే. అక్కడ కుదిరిన అలవాటు తర్వాత వదలదు.

నిజ పైలట్లే ఒకే సిమ్యులేటర్‌ను ఒకరు బాగుందని, ఇంకొకరు బాగాలేదని అంటారు కదా అని చివరి సందేహం. అనుభూతి మీద ఆధారపడితే ఈ తగవు తెగదు. అందుకే చూడదగిన, కొలవదగిన కొన్ని ప్రశ్నలు ముందు పెట్టుకోవాలి. వేగం పెరుగుతుంటే చక్రం అధికారం ఆ విమానానికి చెప్పినట్టు తగ్గుతోందా? హద్దు దాటాక ఇంకా తిప్పితే మలుపు సడలుతోందా, తిప్పుడు తగ్గిస్తే పట్టు తిరిగి వస్తోందా? ఆగిన విమానం గాలికి కదలకుండా నిలుస్తోందా? తెరలు తెరలుగా వచ్చే పక్కగాలిలో కాలు ప్రతి క్షణం పనిచేయాల్సి వస్తోందా? ఇంజన్ల శక్తిలో తేడా వస్తే ముక్కు తగినంత లాగుతోందా? వీటికి జవాబులు రాసి చూపించే సమీక్షలు, వాటిని బయటపెట్టే తయారీదార్లు, వాటిని కొలతల్లో చేర్చే నియంత్రణ సంస్థలు ఉంటే అనుభూతి తగవులు తగ్గిపోతాయి. సిమ్యులేటర్ విలువ అది ఎంత అందంగా నడుస్తుందన్న దానితో తేలదు. పైలట్ చెయ్యి తప్పు దారిలో పోయినప్పుడు అది తప్పని అక్కడికక్కడే చెప్పగలగాలి. గాల్లో స్టాల్, అంటే రెక్క ఎత్తుడు శక్తి కోల్పోయే స్థితి, విషయంలో ఈ నిజాయితీని 2016 ప్రమాణాలు తప్పనిసరి చేశాయి. నేల మీద పట్టు తప్పే చోట కూడా అదే నిజాయితీని అడగాల్సిన సమయం వచ్చింది.